అప్పు కాదు, చిల్లర: తీసివేతలో పిల్లలు తడబడే చోట బ్లాకులు ఏం చేస్తాయి

క్లుప్తంగా

తీసివేతలో పై అంకె చిన్నదైతే పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలని బళ్లో చెబుతారు. నిజానికి అక్కడ అప్పేమీ లేదు. ఒక పదిని పది ఒకట్లుగా మార్చుకోవడమే ఉంది. ఈ మార్పిడిని చేత్తో చేసి చూడటానికే పుల్లల కట్టలు, ప్లాస్టిక్ బ్లాకులు వచ్చాయి. వాటిని పిల్లల ముందు పోస్తే చాలదు. బల్ల మీద చేసిన ప్రతి మార్పూ అప్పటికప్పుడే పుస్తకంలో అంకెగా పడితేనే అవి పనికొస్తాయి.

35 ఎలా వచ్చింది

52 నుంచి 27 తీసివేయమంటే 35 అని రాసే పిల్లలు దాదాపు ప్రతి బడిలోనూ మూడో తరగతిలో ఉంటారు. ఐదులోంచి రెండు పోతే మూడు, అంతవరకూ సరే. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేస్తారు. ఏ అంకె పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది వాళ్లు పట్టించుకోరు. పెద్దదానిలోంచి చిన్నది తీయాలన్న నియమాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఆ నియమం నేర్పింది బడే. ఒకటో తరగతిలో 'చిన్నదానిలోంచి పెద్దది పోదు' అని చెప్పిన మాటను పిల్లలు రెండేళ్లపాటు జాగ్రత్తగా దాచుకుని ఇక్కడ వాడారు.

ఇలాంటి తప్పుల్ని అజాగ్రత్త కింద కొట్టిపారేయడం తేలిక. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లో దీన్ని మరోలా చూశారు. పిల్లల తీసివేత జవాబుల్ని పరిశీలించి, చాలా తప్పులు గుడ్డిగా పడినవి కావని, కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో బగ్ ఉన్నట్టే ఒక తప్పుడు నియమం క్రమం తప్పకుండా అమలవుతోందని తేల్చారు. అలాంటి పిల్లకు ఇంకో పది లెక్కలిస్తే పదీ అదే పద్ధతిలో తప్పు చేసుకొస్తుంది. అభ్యాసం పెరిగేకొద్దీ ఆ తప్పు మరింత గట్టిపడుతుంది కూడా.

మన దేశంలో ఈ లెక్కకు మరో ప్రాధాన్యం ఉంది. ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి చేయించే అసర్ సర్వేలో గణితం స్థాయిని కొలిచే మెట్లలో ఇదొకటి. పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, అప్పు తెచ్చుకోవాల్సిన రెండంకెల తీసివేతలు రెండు చేయిస్తారు. రెండూ సరిగ్గా వస్తేనే ఆ మెట్టు ఎక్కినట్టు. 2024 నివేదిక ప్రకారం మూడో తరగతిలో ఈ మెట్టు చేరినవాళ్లు 33.7 శాతం. 2018లో 28.2, కోవిడ్ తర్వాత 2022లో 25.9 శాతం ఉండేది. కోలుకున్న మాట నిజమే. అయినా ముగ్గురిలో ఇద్దరు ఈ గడప దగ్గరే ఆగుతున్నారు. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో 99 లోపు తీసివేతలు రెండో తరగతికే రావాలని ఉంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఇలాంటి పునాది నైపుణ్యాల కోసం వచ్చిందే.

'అప్పు' అనే మాటతో వచ్చిన చిక్కు

'పక్క నుంచి ఒకటి అప్పు తెచ్చుకో' అన్నది తరతరాలుగా వింటున్న మాట. ఇందులో రెండు పదాలు పిల్లల్ని దారి తప్పిస్తాయి. మొదటిది 'ఒకటి'. తెచ్చుకునేది ఒకటి కాదు, పది. పుస్తకంలో 2 పక్కన చిన్నగా ఒకటి వేస్తారు కాబట్టి అది ఒకటిలాగే కనిపిస్తుంది. రెండూ ఒకటీ కలిపితే మూడే కదా, పన్నెండు ఎలా అయిందని అడిగిన పిల్లవాడు తెలివైనవాడే. వాడికి చాలాసార్లు దొరికే జవాబు 'అలాగే చెయ్యాలి' అని.

రెండోది 'అప్పు'. అప్పు తెస్తే తీర్చాలి. ఇక్కడ తీర్చేదేమీ ఉండదు. పైగా అప్పు తేవాలంటే ఇచ్చేవాడు వేరే మనిషై ఉండాలి. 52లోని ఐదు పదులూ, రెండు ఒకట్లూ వేరువేరు ఇళ్లవాళ్లు కారు. మొత్తం ఒకే సొత్తు.

ఈ మాట బాగా అతికే పద్ధతి వేరే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకూ బ్రిటన్ బడుల్లో విస్తృతంగా నేర్పిన తీసివేతలో పై సంఖ్య ఒకట్లకు పది కలిపేవారు, దానికి బదులుగా కింది సంఖ్య పదులకు ఒకటి కలిపేవారు. 52 − 27లో పైన రెండు పన్నెండు అవుతుంది, కింద ఇరవై ముప్పై అవుతుంది. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు, ఐదు పదుల్లోంచి మూడు పదులు పోతే రెండు. జవాబు 25. రెండు సంఖ్యలకూ పది చొప్పున కలిపారు కాబట్టి తేడా మారలేదు. పైన తెచ్చుకున్నదాన్ని కింద తీర్చేశారు. అక్కడ 'అప్పు తెచ్చి తీర్చు' అన్న మాటకు అర్థం ఉంది. మనం ఇప్పుడు నేర్పేది పదిని విడగొట్టే పద్ధతి. అందులో తీర్చడం లేదు, అప్పు అన్న పేరు మాత్రం అతుక్కుని ఉండిపోయింది.

మాటలో ఏముందిలే అనుకోవడానికి వీల్లేదు. 1999లో లిపింగ్ మా అనే పరిశోధకురాలు 23 మంది అమెరికా టీచర్లను, 72 మంది చైనా టీచర్లను పోల్చి రాసిన అధ్యయనంలో మొదటి అంశం ఈ తీసివేతే. అమెరికా టీచర్లలో ఎక్కువమంది అప్పు తెచ్చుకోవడం గురించి, దాని మెట్ల గురించి చెప్పారు. చైనా టీచర్లలో ఎక్కువమంది పెద్ద ప్రమాణాన్ని ఒకదాన్ని చిన్న ప్రమాణాలుగా విడగొట్టడం గురించి మాట్లాడారు. ఒక పదిలో ఎన్ని ఒకట్లు ఉంటాయన్న ప్రశ్న ఆ రెండో వాక్యంలోంచే పుడుతుంది. మొదటి వాక్యంలోంచి పుట్టదు.

తెలుగులో దీనికి పక్కా మాట ఎప్పుడో ఉంది: చిల్లర. చేతిలో ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఉన్నాయి. ఆటో అతనికి సరిగ్గా 27 రూపాయలు ఇవ్వాలి. అప్పుడు ఎవరైనా ఒక పది నోటుకు చిల్లర మార్చుకుంటారు. నోట్లు నాలుగే మిగిలాయి, బిళ్లలు పన్నెండయ్యాయి, జేబులో ఉన్న డబ్బు మాత్రం 52 రూపాయలే.

బ్లాకులు ఎక్కడి నుంచి వచ్చాయి

చేత్తో పట్టుకునే పదులూ వందలూ కొత్తవి కావు. ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి బడుల్లో బంగారు రంగు పూసలు వాడేవారు: ఒకటికి ఒక పూస, పదికి తీగకు గుచ్చిన పది పూసల కడ్డీ, వందకు చతురస్రం, వెయ్యికి ఘనం. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయార్‌లో టీచర్లకు శిక్షణ ఇచ్చారు కాబట్టి దక్షిణాదికి ఈ పూసలు ఆనాడే పరిచయం. ఇప్పుడు కిట్లలో వచ్చే కొయ్య, ప్లాస్టిక్ బ్లాకులకు పేరు తెచ్చినవారు హంగరీలో పుట్టిన గణితవేత్త జోల్టాన్ డీనిస్ (1916–2014). ఆయన పదుల బ్లాకులతో ఆగలేదు. మూళ్లు, నాలుగులు, ఐదుల గుంపులతోనూ బ్లాకులు చేయించారు. పది అన్న సంఖ్య కంటే గుంపు కట్టడం, విడగొట్టడం అన్న సూత్రం పిల్లలకు పట్టుబడాలన్నది ఆయన ఉద్దేశం. బజారులో దొరికే సెట్లలో పదుల బ్లాకులే మిగిలాయి.

సెట్‌లో ఉండేవి ఇవి: సెంటీమీటరు కొలతతో ఒకటి కోసం చిన్న ఘనం, పది ఘనాల పొడవున్న కడ్డీ, పది కడ్డీలు పక్కపక్కన పేర్చినంత పలక. 52 పెట్టాలంటే ఐదు కడ్డీలు, రెండు చిన్న ఘనాలు. 27 తీయాలి. రెండు ఘనాల్లోంచి ఏడు తీయడం కుదరదని పిల్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 'ఏడులోంచి రెండు తీస్తా' అనే వీలు కూడా ఉండదు, ఎందుకంటే ఆ ఏడు బల్ల మీద లేనే లేదు. కాగితం మీద 27 కూడా 52తో సమానంగా కళ్ల ముందు ఉంటుంది, బ్లాకుల్లో ఉండదు. 35 అన్న తప్పును బ్లాకులు ఆపేది ప్రధానంగా ఈ కారణం చేతే. దీన్ని గమనించకుండా కొందరు బల్ల మీద 52నీ, 27నీ రెండు కుప్పలుగా పెట్టిస్తారు. అప్పుడు పాత తప్పు తిరిగొస్తుంది. తీసివేతలో పై సంఖ్యను మాత్రమే పెట్టాలి.

కడ్డీని విరగ్గొట్టలేరు కాబట్టి డబ్బాలో వేసి, పది ఘనాలు లెక్కపెట్టి తెచ్చుకుంటారు. ఇప్పుడు నాలుగు కడ్డీలు, పన్నెండు ఘనాలు. ఏడు తీస్తే ఐదు, రెండు కడ్డీలు తీస్తే రెండు. మిగిలింది 25.

ఈ మధ్యలో ఒక ప్రశ్న అడగడం చాలా బడుల్లో జరగదు, జరిగితే మాత్రం ఎంతో తెలుస్తుంది. మార్చుకున్న వెంటనే, ఇంకా ఏమీ తీయకముందు, 'ఇప్పుడు నీ దగ్గర మొత్తం ఎంతుంది?' అని అడగాలి. 'యాభై రెండే' అని ఠక్కున చెబితే విషయం పట్టినట్టు. మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలెడితే ఇంకా సందేహం ఉన్నట్టు. నలభై రెండు అంటే కడ్డీ పోవడం ఒక్కటే కనిపించింది, ఘనాలు రావడం లెక్కలోకి రాలేదన్నమాట. నాలుగు పదులూ పన్నెండు అన్నది కూడా 52కి ఇంకో రూపమేనన్న నమ్మకం లేకుండా, పుస్తకంలో 5 కొట్టేసి 4 వేయడానికి అర్థం ఉండదు.

పుల్లలా, బ్లాకులా, నోట్లా

ఖరీదైన కిట్ కొంటేనే పని జరుగుతుందనుకోనక్కర్లేదు. సమానంగా కత్తిరించిన చీపురు పుల్లలు, కొన్ని రబ్బరు బ్యాండ్లు చాలు. పైగా మొదటి అడుగులో ప్లాస్టిక్ బ్లాకుల కంటే పుల్లలే మేలు. పది పుల్లల్ని పిల్లే లెక్కపెట్టి కట్ట కడుతుంది, అవసరమైతే అదే కట్ట విప్పుతుంది. కట్టలో ఉన్న పుల్లలూ, విప్పాక ఉన్న పుల్లలూ ఒకటేనని అనుమానం రాదు. బ్లాకుల్లో కడ్డీ డబ్బాలోకి పోయి, వేరే ఘనాలు వస్తాయి. అది మార్పిడి. మార్పిడి న్యాయంగా జరిగిందని నమ్మాలంటే కడ్డీలో పది ఉన్నాయని ముందే తెలిసి ఉండాలి. డబ్బు ఇంకో మెట్టు పైన ఉంటుంది. పది రూపాయల నోటు రూపాయి బిళ్లకు పది రెట్లు పెద్దగా కనిపించదు, విలువ మనసులో ఉంటుంది. పూసల చట్రంలో (అబాకస్) ఆ తేడా కూడా పోతుంది. పదుల తీగ మీది పూస, ఒకట్ల తీగ మీది పూస అచ్చం ఒకేలా ఉంటాయి, ఉన్న చోటే విలువ చెబుతుంది. రాసే అంకెలు పనిచేసేది సరిగ్గా ఇలాగే.

అంటే ఇవి ఒకదానికొకటి పోటీ కావు. విప్పగలిగే కట్ట నుంచి, మార్చుకోవాల్సిన కడ్డీకి, అక్కడి నుంచి నోటుకి, చివరికి చోటును బట్టి మాత్రమే విలువ తెలిసే అంకెకి వెళ్లే దారి అది. రెండో వారంలోనే చట్రం చేతికిస్తే, పిల్లకు అర్థం కాని అంకెల బదులు అర్థం కాని పూసలు దొరుకుతాయి. (చెల్లింపులన్నీ ఫోన్లోకి వెళ్లాక కొట్టు దగ్గర చిల్లర లెక్కపెట్టే అవకాశం పిల్లలకు తగ్గింది కాబట్టి, నోట్ల ఉదాహరణ కూడా ఒకప్పటంత సులువుగా ఎక్కకపోవచ్చు.)

మధ్యలో సున్నా

అసలు పరీక్ష 302 − 148 దగ్గర వస్తుంది. రెండంకెల తీసివేత బాగా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ రకరకాలుగా తప్పుతారు. 246 అని రాస్తే ప్రతి స్థానంలో పెద్దదానిలోంచి చిన్నది తీసేసినట్టు. 254 అంటే సున్నాను తొమ్మిది చేయాలని గుర్తుంది, ఆ తొమ్మిది కోసం వందల్లోంచి ఒకటి తగ్గించాలని గుర్తులేదు. 164 అంటే వందను విప్పి పది పదులు చేశారు, ఒకట్లకు పది కూడా ఇచ్చారు, ఇచ్చిన ఆ పదిని పదుల్లోంచి తగ్గించలేదు. జవాబు చూస్తే ఏ మెట్టు జారిందో చెప్పేయవచ్చు.

'సున్నా తొమ్మిది అవుతుంది' అన్నది బట్టీ పట్టే వాక్యాల్లో అన్నిటికంటే మాయగా ఉండేది. బ్లాకుల్లో ఆ మాయ రెండు కదలికలుగా విడిపోతుంది. ఘనాలు కావాలి, మార్చడానికి ఒక్క కడ్డీ కూడా లేదు. కాబట్టి ముందు ఒక పలక ఇచ్చి పది కడ్డీలు తెచ్చుకోవాలి. పలకలు రెండు, కడ్డీలు పది, ఘనాలు రెండు. ఇప్పుడు ఒక కడ్డీ ఇచ్చి పది ఘనాలు. పలకలు రెండు, కడ్డీలు తొమ్మిది, ఘనాలు పన్నెండు. పది అయ్యాక అందులోంచి ఒకటి పోతే మిగిలినదే ఆ తొమ్మిది. ఇక తీయడమే. మిగిలేవి నాలుగు ఘనాలు, ఐదు కడ్డీలు, ఒక పలక: 154. పుస్తకంలో కూడా మొదట్లో రెండు కదలికలకీ విడివిడిగా గీత పడాలి. సున్నా కొట్టేసి 10, ఆ 10 కొట్టేసి 9. చూడటానికి గజిబిజిగా ఉంటుంది. నీటుగా లేదని మార్కులు తగ్గిస్తే పిల్లలు ఆ మెట్టును దాచేస్తారు.

ఈ కొట్టివేతల చరిత్ర కూడా ఆసక్తికరమే. అమెరికాలో ఒకప్పుడు వాటిని ఊతకర్ర అని చిన్నచూపు చూసేవారు. 1930లు, 40లలో విలియం బ్రౌనెల్ పరిశోధనలతో అభిప్రాయం మారింది. 1949లో ఆయన, హెరాల్డ్ మోజర్ ప్రచురించిన అధ్యయనంలో అర్థం చెప్పి నేర్పినప్పుడు, రెండు సంఖ్యలకూ పది కలిపే పద్ధతి కంటే విడగొట్టే పద్ధతి బాగా పనిచేసింది. ఏ అర్థమూ చెప్పకుండా యాంత్రికంగా నేర్పితే దానికి ఆ ఆధిక్యం లేదు. పద్ధతి మంచిదా కాదా అన్నది నేర్పిన తీరు మీద ఆధారపడిందన్నమాట.

బ్లాకులు పనిచేయని చోటు

చేతికి వస్తువు ఇస్తే లెక్క వచ్చేస్తుందన్న నమ్మకం పరిశోధన ముందు పూర్తిగా నిలబడలేదు. 2013లో ముగ్గురు పరిశోధకులు 55 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. వస్తువులతో నేర్పడం, అంకెల వంటి గుర్తులతో మాత్రమే నేర్పడం పోల్చినప్పుడు, నేర్చుకున్నది గుర్తుండటంలో వస్తువులకు మంచి ఆధిక్యం కనిపించింది. నేర్చినదాన్ని కొత్త సమస్యకు వాడటంలో, ఎందుకో వివరించడంలో మాత్రం ప్రయోజనం తక్కువ. టీచర్ ఎంత దారి చూపారన్నది కూడా ఫలితాన్ని మార్చింది.

దీనికి కారణాలు వెతకడం కష్టం కాదు. బ్లాకు ఒకేసారి రెండు పాత్రలు పోషించాలి: అది ఒక వస్తువు, ఒక గుర్తు కూడా. ఎంత అందంగా, ఆటబొమ్మలా ఉంటే అంతగా మొదటి పాత్రే గెలుస్తుంది. కడ్డీలతో ఇల్లు కట్టే పిల్లను తిట్టి లాభం లేదు, మొదటి రోజు కట్టనివ్వడమే తెలివైన పని.

ఇంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉంది. చాలా తరగతుల్లో బ్లాకుల పాఠం సోమవారం, రాతలెక్క బుధవారం. పిల్లల తలలో అవి రెండు వేర్వేరు ఆటలు. బ్లాకులతో 25 తెచ్చి, అదే లెక్క పుస్తకంలో 35 రాసి, రెండు జవాబులు వేరుగా ఉండటంలో వింతేమీ చూడని పిల్లలు నిజంగానే ఉంటారు. అతుకు పడాలంటే కదలిక, రాత జంటగా నడవాలి. కడ్డీ డబ్బాలో పడగానే 5 మీద గీత, పైన 4. పది ఘనాలు రాగానే 2 బదులు 12. ఇద్దరు పిల్లలు జోడీగా కూర్చుని ఒకరు బ్లాకులు కదిపితే మరొకరు రాసే ఏర్పాటు ఇక్కడ పనికొస్తుంది. ఒకరి పని ఇంకొకరికి అర్థం కాకపోతే ఆట అక్కడే ఆగిపోతుంది కాబట్టి తేడా వెంటనే బయటపడుతుంది.

దిశ విషయంలోనూ ఒక చిక్కుంది. స్వేచ్ఛగా వదిలితే పిల్లలు పెద్దవాటితో మొదలెడతారు: ముందు రెండు కడ్డీలు తీసేస్తారు, మూడు కడ్డీలు, రెండు ఘనాలు మిగులుతాయి, అప్పుడు ఒక కడ్డీ మార్చి ఏడు ఘనాలు తీస్తారు. జవాబు సరైనదే. నోటిలెక్కలో పెద్దలూ చేసేది ఇదే. 'కుడి నుంచే మొదలెట్టాలి' అన్నది గణిత సత్యమేమీ కాదు, రాసినదాన్ని మళ్లీ దిద్దుకోకుండా ఉండే సౌకర్యం. ఎడమ నుంచి చేసి, రాసిన మూడును రెండుగా దిద్దాల్సి వచ్చిన పిల్లకు ఆ సౌకర్యం ఏమిటో ఒక్క లెక్కలో తెలిసిపోతుంది.

ఇంకో అడ్డంకి బ్లాకులకు సంబంధించింది కాదు. పన్నెండులోంచి ఏడు పోతే ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టాల్సిన పిల్ల, ఆ లెక్క అయ్యేలోపు పదులు నాలుగు అయ్యాయన్న సంగతి మరిచిపోతుంది. 20 లోపు తీసివేతలు ముందుగా గట్టిపడకపోతే విడగొట్టడం ఎంత బాగా అర్థమైనా జవాబు తప్పుతుంది. లిపింగ్ మా మాట్లాడిన చైనా టీచర్లు ఈ పునాదికి పెద్ద పీట వేశారు.

సంఖ్యల పేర్లలో దాగిన పది

తెలుగులో చదివే పిల్లలకు ఒక చిన్న అనుకూలత ఉంది. ఇరవై దాటాక తెలుగు సంఖ్యలు పదులు ముందు, ఒకట్లు తర్వాత చెబుతాయి: యాభై రెండు. హిందీలో 99 వరకూ దాదాపు ప్రతి సంఖ్యకూ విడి పేరు గుర్తుపెట్టుకోవాలి. పాత తెలుగు రూపాలు చూస్తే పది ఇంకా స్పష్టం: నలువది, ఏబది, అరువది, ఎనుబది. నాలుగు పదులే నలువది. ఇప్పుడు నలభై, యాభై అంటున్నప్పుడు ఆ పది వినిపించడం లేదు. పదకొండు నుంచి పంతొమ్మిది వరకూ అయితే పేర్లు బాగా అరిగిపోయాయి. పన్నెండులో పదీ రెండూ ఉన్నాయని చెవికి తట్టదు, తీసివేతలో మార్చుకున్నాక వచ్చేవి సరిగ్గా ఈ సంఖ్యలే.

ఇంగ్లీష్ మీడియంలో చేరిన పిల్లలకు థర్టీన్, థర్టీ తేడా వినడమే మొదటి సమస్య. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ బడులకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి కాబట్టి, బ్లాకుల దగ్గర కూర్చున్నప్పుడు 'ఫిఫ్టీ టూ' అని చదివినా, 'ఐదు పదులు, రెండు' అని తెలుగులో పలికించడానికి అడ్డేమీ లేదు. కడ్డీ మార్చాక అదే నోటితో 'నాలుగు పదులు, పన్నెండు' అంటారు.

బ్లాకులు ఎప్పుడు మానాలన్నదానికి తేదీ ఉండదు. సాధారణంగా మధ్యలో బొమ్మల దశ ఒకటి వస్తుంది: కడ్డీకి నిలువు గీత, ఘనానికి చుక్క, పలకకు చతురస్రం. ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడం పిల్లకు విసుగ్గా అనిపించి, నేరుగా అంకెలు వేస్తానంటే ఆ దశ అయిపోయినట్టు. ఇంట్లో హోంవర్క్ చూసే అమ్మానాన్నలకు దీనికి సులువైన ఆనవాలు ఒకటి ఉంది. 302 − 148కి 154 రాసిన పుస్తకం చూసి, కొట్టేసిన సున్నా మీద వేలు పెట్టి 'ఈ తొమ్మిది ఎక్కడిది?' అని అడగాలి. 'వందను పది పదులు చేశా, ఒక పది ఒకట్లకు ఇచ్చా' అంటే బ్లాకుల డబ్బా అటక మీద పెట్టేయవచ్చు. 'సున్నా ఉంటే తొమ్మిది వెయ్యాలి కదా' అంటే, జవాబు సరైనదైనా, డబ్బా ఇంకొన్నాళ్లు కిందే ఉండాలి.